నాలుగో డౌన్ లెక్కలు, రీజినల్‌లో పిచర్ల లెక్కలు: తెలిసినవాళ్ళు చెప్పండి

నాగావళి ఒడ్డు, శ్రీకాకుళం:

అందరికీ నమస్కారం. మా కాలనీలో నలుగురం కలిసి చలికాలమంతా అమెరికన్ ఫుట్‌బాల్, ఎండాకాలంలో కాలేజీ బేస్‌బాల్ చూస్తాం. రూల్స్ వచ్చు. కోచ్ ఆ నిర్ణయం ఎందుకు తీసుకున్నాడన్నదే చాలాసార్లు అంతుపట్టదు.

14 పాయింట్లు వెనకున్న జట్టు ఆఖరి క్వార్టర్‌లో టచ్‌డౌన్ (6 పాయింట్లు) చేసి, చేతికందే ఒక్క పాయింటు కిక్ వదిలేసి, బంతిని మళ్ళీ ఎండ్ జోన్‌లోకి చేర్చి రెండు పాయింట్లు తెచ్చే ప్రయత్నానికి ఎందుకు పోతుంది? అవతలివాళ్ళ 38 యార్డుల గీత దగ్గర నాలుగో డౌన్ (10 యార్డులు సాధించడానికి ఆఖరి ప్రయత్నం) వస్తే ఆడతారు, అదే తమ 38 దగ్గరైతే పంట్ కొట్టేస్తారు, అంటే బంతిని దూరంగా తన్ని అప్పగించేస్తారు. ఏటి లెక్క? శనివారం కాలేజీ మ్యాచ్‌లో ఇచ్చిన క్యాచ్ ఆదివారం ఎన్‌ఎఫ్‌ఎల్‌లో (ప్రొఫెషనల్ లీగ్) ఎందుకు ఇవ్వరు?

బేస్‌బాల్‌లో ఇంకో సందేహం. రీజినల్ (కాలేజీ టోర్నీ మొదటి దశ) అంటే డబుల్ ఎలిమినేషన్ కదా, రెండు ఓడితేనే అవుట్, ఒకటి ఓడినా ఇంకో ఛాన్సు ఉంటుంది. మరి మొదటి మ్యాచ్ ఓడిన పెద్ద జట్టు పని అయిపోయిందని అందరూ ఎందుకంటారు?

ఇంకా, ఆర్ట్స్ కాలేజీ మైదానంలో ఓ మూల డైమండ్ గీసుకుని ఆ దూరాలేమిటో పరిగెత్తి చూడాలని ఉంది. కొలతలు ఎలా పెట్టాలో కూడా చెప్పండి.

కోట జంక్షన్, విజయనగరం:

ఫుట్‌బాల్ వరకు నేను చెప్తాను తమ్ముడూ.

14 వెనకుండి టచ్‌డౌన్ చేశారు, ఇప్పుడు 8 వెనక. ఇంకో టచ్‌డౌన్ వస్తుందనే అనుకుని లెక్క వేయాలి, రాకపోతే ఏం చేసినా ఓటమే. రెండుసార్లూ కిక్ కొడితే సమం అవుతుంది, ఓవర్‌టైమ్‌కి పోతుంది, అక్కడ గెలుపు సగం సగం. అలా కాకుండా మొదటి టచ్‌డౌన్‌కే రెండుకు పోయారనుకోండి. ఆ ప్రయత్నం దాదాపు సగం సార్లు ఫలిస్తుంది. ఫలిస్తే 6 వెనక, రెండో టచ్‌డౌన్‌కి కిక్ కొడితే ఒక్క పాయింటు తేడాతో గెలుపు. తప్పితే 8 వెనకే ఉంటారు, రెండో టచ్‌డౌన్ తర్వాత మళ్ళీ రెండుకు పోయి సమం చేసుకోవచ్చు. నూటికి 50 సార్లు గెలుపు, 25 సార్లు ఓవర్‌టైమ్, 25 సార్లు ఓటమి. ఓవర్‌టైమ్‌లో సగం గెలుస్తారనుకుంటే మొత్తం 62న్నర. ఊరికే కిక్ కొడితే 50. మ్యాచ్ చేజారుతున్న జట్టుకి ఇంత తేడా ఉచితంగా ఇంకెక్కడా దొరకదు.

ముందు కిక్ కొట్టి, ఆఖరి టచ్‌డౌన్‌కి రెండుకు పోవచ్చు కదా అంటారు కొందరు. ఆఖరున తప్పితే సరిదిద్దుకోవడానికి ఇంకేమీ మిగలదు. ముందే తప్పితే ఇంకో ప్రయత్నం చేతిలో ఉంటుంది. తేడా అంతా అక్కడే. పైగా పై లెక్కలో కిక్ తప్పదనే అనుకున్నాం. 2015 నుంచి ఎన్‌ఎఫ్‌ఎల్ ఎక్స్‌ట్రా పాయింటుకి బంతిని 15 యార్డుల గీత మీద పెడుతోంది, అంటే 33 యార్డుల కిక్. అదీ అప్పుడప్పుడు తప్పుతుంది.

నాలుగో డౌన్ దగ్గర చూడాల్సింది బంతి ఎక్కడుంది, ఎన్ని యార్డులు కావాలి అన్నదే. ఫీల్డ్ గోల్ (3 పాయింట్ల కిక్) దూరం కట్టడానికి బంతి ఉన్న గీతకి 17 కలపండి: ఎండ్ జోన్ లోతు 10, స్నాప్ (ఆట మొదలుపెడుతూ బంతిని వెనక్కి అందించడం) వెనక్కి వెళ్ళే 7. అవతలి 38 నుంచి కొడితే 55 యార్డుల కిక్. తప్పితే ఎన్‌ఎఫ్‌ఎల్‌లో బంతిని కిక్ కొట్టిన చోటే అవతలివాళ్ళకి ఇస్తారు, అంటే వాళ్ళ 45 దగ్గర. కాలేజీలో స్నాప్ చేసిన గీత దగ్గరే ఇస్తారు, ఆ 7 యార్డుల శిక్ష ఉండదు. పోనీ పంట్ కొడదామా? ఎండ్ జోన్‌లోకి దొర్లిందా, టచ్‌బ్యాక్, బంతి 20కి వస్తుంది. 18 యార్డుల కోసం బంతిని అప్పగించినట్టు. అందుకే అవతలి 35 నుంచి 45 మధ్య 4 యార్డులో 5 యార్డులో కావాల్సి వస్తే ఆడటమే న్యాయం. తమ 38 దగ్గర పంట్ కొడితే రిటర్న్ పోగా 40 యార్డుల దాకా కలిసొస్తుంది. అక్కడ 8 యార్డులకి ఆడి తప్పితే అవతలివాళ్ళు ఇంకో రెండు ఆటల్లో ఫీల్డ్ గోల్ దూరానికి వచ్చేస్తారు.

కావాల్సింది ఒక్క యార్డే అయితే మాత్రం తమ సగంలో కూడా ఆడాలని నా గట్టి అభిప్రాయం. మూడింట రెండు వంతుల సార్లు వస్తుంది. ఈగల్స్ (ఫిలడెల్ఫియా జట్టు) క్వార్టర్‌బ్యాక్‌ని వెనకనుంచి తోసే ఆట ఇంకా ఎక్కువ సార్లు ఫలించింది కాబట్టే దాన్ని ఆపాలని 2025 మేలో ఓటింగ్ పెట్టారు. 22 జట్లు ఆపమన్నాయి, 24 కావాలి కాబట్టి ఆగలేదు. ఆపకపోవడమే మంచిది. ఒక్క యార్డు ఆపలేని డిఫెన్స్ తన లైన్ బలపరుచుకోవాలి గాని రూలు మార్చమనకూడదు.

క్యాచ్ సంగతి: కాలేజీలో గీత లోపల ఒక్క పాదం చాలు, ఎన్‌ఎఫ్‌ఎల్‌లో రెండు పాదాలూ పడాలి. అలాగే కాలేజీలో బంతి పట్టుకున్నవాడు తనంతట తానే జారి మోకాలు ఆనితే ఆట ఆగిపోతుంది. ఎన్‌ఎఫ్‌ఎల్‌లో అవతలివాడు తాకాలి, తాకకపోతే లేచి పరిగెత్తొచ్చు. పాస్ ఇంటర్‌ఫియరెన్స్ (పాస్ అందుకోబోయేవాణ్ణి అక్రమంగా అడ్డుకోవడం) తేడా ఇంకా పెద్దది. ఎన్‌ఎఫ్‌ఎల్‌లో తప్పు ఎక్కడ జరిగితే బంతి అక్కడికి పోతుంది, 45 యార్డులైనా సరే. కాలేజీలో 15 యార్డులకి మించదు. అందుకే లోతుగా వెళ్ళిన రిసీవర్ చేజారిపోయాడని తెలిసిన కాలేజీ కార్నర్‌బ్యాక్ (రిసీవర్‌ని కాసే డిఫెండర్) చొక్కా పట్టుకుని లాగేస్తాడు. టచ్‌డౌన్ పోవడం కంటే 15 పోవడం నయం. కోచ్‌లు నేర్పేదే అది.

ఇంకొకటి గమనించండి. హ్యాష్ గీతల (ఆట మొదలయ్యేటప్పుడు బంతిని వీటి మీదో మధ్యలోనో పెడతారు) మధ్య దూరం ఎన్‌ఎఫ్‌ఎల్‌లో 18 అడుగుల 6 అంగుళాలు, గోల్‌పోస్ట్ వెడల్పు కూడా సరిగ్గా అంతే. కాలేజీలో 40 అడుగులు. కాలేజీ కిక్కర్ 25 యార్డుల నుంచి తప్పాడని తిట్టే ముందు బంతి ఏ హ్యాష్ మీద ఉందో చూడండి. దగ్గరకొచ్చేకొద్దీ ఆ కోణం ఇంకా ఇరుకవుతుంది.

రాజాం ఎక్స్‌ప్రెస్:

టైముల గురించి ఎవరూ అడగలేదు గాని కొత్తవాళ్ళకి ఉపయోగం. నవంబరు మొదటి ఆదివారానికి ముందు వరకు ఎన్‌ఎఫ్‌ఎల్ మధ్యాహ్నం మ్యాచ్ మనకి ఆదివారం రాత్రి 10:30కి, సండే నైట్ మ్యాచ్ సోమవారం ఉదయం 5:50కి. ఆ ఆదివారం అక్కడ గడియారం వెనక్కి తిప్పుతారు కాబట్టి ఇక్కడ అన్నీ ఒక గంట ఆలస్యం. కాలేజీ బేస్‌బాల్ ఆఖరి టోర్నీ జరిగే ఒమాహాలో సాయంత్రం మ్యాచ్ అమెరికా తూర్పు టైము 7 అంటే మనకి తెల్లవారుజామున 4:30.

ఒమాహా పిచ్చి, బొబ్బిలి:

కాలేజీ బేస్‌బాల్ చూసేటప్పుడు స్కోరుబోర్డు కంటే ముందు పిచర్ ఎన్ని బంతులు వేశాడో చూడాలి. జూన్‌లో గెలుపోటములు తేల్చేది అదే.

రీజినల్‌లో నాలుగు జట్లు, శుక్రవారం నుంచి సోమవారం. మొదటి రెండూ గెలిచినవాళ్ళకి ఆదివారం రాత్రి ఒక్క గెలుపు చాలు. శుక్రవారం ఓడినవాళ్ళు వరసగా నాలుగు గెలవాలి: శనివారం ఒకటి, ఆదివారం రెండు, సోమవారం ఒకటి. ఓడిన మ్యాచ్‌తో కలిపి నాలుగు రోజుల్లో ఐదు మ్యాచ్‌లు, 45 ఇన్నింగ్స్. కాలేజీ జట్టు ఫిబ్రవరి నుంచీ శుక్ర, శని, ఆదివారాలకి ముగ్గురు స్టార్టర్లతో (మ్యాచ్ మొదలుపెట్టే పిచర్లు) నడుస్తుంది, మంగళవారం మ్యాచ్‌కి నాలుగోవాడు ఉంటాడు. ఆదివారం రెండో మ్యాచ్‌కి ఎవరు? సోమవారం ఎవరు? ఉన్న ఛాన్సు కాగితం మీదే ఉంటుంది, దాన్ని వాడుకోవడానికి చేతులు మిగలవు.

19 నుంచి 22 ఏళ్ళ కుర్రాళ్ళకి మేజర్ లీగ్, యూఎస్‌ఏ బేస్‌బాల్ కలిసి ఇచ్చిన సూచన ఇది: 30 బంతుల దాకా విశ్రాంతి అక్కర్లేదు, 31–45కి ఒక రోజు, 46–60కి రెండు, 61–80కి మూడు, 81–105కి నాలుగు, ఆపైన ఐదు. రోజుకి 120 దాటకూడదు. ఇది సలహాయే, కాలేజీ కోచ్‌ని కట్టేసే రూలు కాదు. సోమవారం అలసిన చేతిని మళ్ళీ దింపే కోచ్‌ల మీద నాకు కోపం. మోచేతి లిగమెంట్ తెగితే కుర్రాడికి ఏడాది పైన పోతుంది, పక్క సీజన్ కూడా పోతుంది.

అలసట టీవీలోనే కనిపిస్తుంది. ఫాస్ట్‌బాల్ రెండు మూడు మైళ్ళు తగ్గుతుంది, కింద పడాల్సిన బంతి నడుము పైకి తేలుతుంది, బ్రేకింగ్ బాల్ వంగకుండా గాల్లో వేలాడుతుంది, ప్రతి బ్యాటర్‌కీ మూడు బాల్స్ దాకా పోతుంది. అప్పటికి బుల్‌పెన్‌లో (మార్పుకి దిగే పిచర్లు ఉండే చోటు) ఎవరూ లేవలేదంటే ఆలస్యమైనట్టే. మార్పుకి దిగే రిలీవర్‌కి ఒళ్ళు వేడెక్కడానికి ఓ ఇరవై బంతులు పడుతుంది.

ఒమాహాలో మ్యాచ్‌ల మధ్య ఖాళీ రోజులుంటాయి కాబట్టి ఏస్ (జట్టులో మేటి పిచర్) మళ్ళీ తిరిగి రాగలడు. 2023లో ఎల్‌ఎస్‌యూ (లూసియానా స్టేట్ యూనివర్సిటీ) చూడండి. వాళ్ళ ఏస్ పాల్ స్కీన్స్ జూన్ 17న టెన్నెసీ మీద వేశాడు. మళ్ళీ 22న వేక్ ఫారెస్ట్ మీద 8 ఇన్నింగ్స్ పరుగు ఇవ్వలేదు, ఆ మ్యాచ్ 11వ ఇన్నింగ్స్‌లో ఎల్‌ఎస్‌యూ బ్యాటర్ టామీ వైట్ హోమర్‌తో (హోమ్ రన్) 2–0గా ముగిసింది. ఫ్లోరిడాతో ఫైనల్ సిరీస్‌లో ఇక స్కీన్స్ దిగనే లేదు. మొదటి మ్యాచ్‌లో ఎల్‌ఎస్‌యూ పిచర్ టై ఫ్లాయిడ్ 17 మందిని స్ట్రైకౌట్ చేస్తే 4–3తో గెలిచారు. రెండోదాంట్లో ఫ్లోరిడా 24–4తో చితక్కొట్టింది. మూడోదాంట్లో ఎల్‌ఎస్‌యూ పిచర్ థాచర్ హర్డ్ మొదటి ఇన్నింగ్స్‌లో రెండు పరుగులిచ్చి, తర్వాత నిలదొక్కుకుని 6 ఇన్నింగ్స్ లాగాడు, ఎల్‌ఎస్‌యూ 18–4. నిన్నటి 24 పరుగుల్లో ఒక్కటీ ఇవాళ్టికి రాదు. మూడో స్టార్టర్ గట్టిగా ఉన్న జట్టే కప్పు ఎత్తుతుంది.

అందుకే మొదటి సీడ్ (నాలుగు జట్లలో పై ర్యాంకు జట్టు) తన ఏస్‌ని శుక్రవారమే దింపాలని నేనంటాను. నాలుగో సీడే కదా అని దాచి ఓడితే మూడు రోజులూ అప్పులోనే ఆడాలి.

కోట జంక్షన్, విజయనగరం:

ఇక్కడ ఒప్పుకోను అన్నయ్యా. మొదటి సీడ్‌కి రెండో స్టార్టర్ కూడా నాలుగో సీడ్ బ్యాటింగ్‌కి ఎక్కువే. ఏస్ శనివారం గట్టి జట్టు మీద గెలిపిస్తే ఆదివారం రాత్రి దాకా బుల్‌పెన్‌కి విశ్రాంతి. ఆ శనివారం మ్యాచే రీజినల్‌కి ఇరుసు.

ఒమాహా పిచ్చి, బొబ్బిలి:

నాలుగో సీడ్ కూడా తన ఏస్‌నే శుక్రవారం పెడుతుంది బాబూ. చిన్న జట్టు ఏస్ మంచి రోజున మూడు హిట్లే ఇస్తాడు. మీ రెండోవాడు ఒక్క చెడ్డ ఇన్నింగ్స్ వేస్తే అయిపోయింది. ఏస్‌ని శుక్రవారం 90 బంతులకి ఆపితే శనివారానికి ఇద్దరు స్టార్టర్లు తాజాగా మిగులుతారు. మొదటి గెలుపు లేకుండా శనివారం గొప్పగా ఆడినా మిగిలేది ఎలిమినేషన్ దారే.

మెటల్ బ్యాట్ గురించి కూడా ఒక మాట, ఎవరో ఒకరు ఎత్తుతారు కాబట్టి. కాలేజీలో 1974 నుంచి అల్యూమినియం ఉంది. 2011లో బీబీకోర్ ప్రమాణం (మెటల్ బ్యాట్ స్ప్రింగులా బంతిని తోసే శక్తికి పరిమితి) వచ్చాక బంతి ఎగిరే వేగం చెక్క బ్యాట్‌కి దగ్గరైంది. హోమర్లు మరీ తగ్గిపోతే 2015లో కుట్టు ఎత్తు తక్కువున్న బంతి తెచ్చారు. మిగిలిన తేడా ఒకటుంది. లోపలికి వేసిన బంతి చెక్క బ్యాట్‌ని పిడి దగ్గర విరగ్గొడుతుంది. మెటల్ విరగదు, బంతి ఇన్‌ఫీల్డ్ మీంచి తేలి పడుతుంది, హిట్. అందుకే కాలేజీ పిచర్లు ఎక్కువగా బయటి అంచుకే వేస్తారు.

చీపురుపల్లి పీఈటీ:

డైమండ్ నేను చెప్తాను. 50 మీటర్ల టేపు రెండు, మేకులు నాలుగు, తాడు, ముగ్గు. గుడ్డ టేపు వద్దు, లాగితే సాగుతుంది, మూడో బేస్ దగ్గరికొచ్చేసరికి మూల కలవదు.

ముందు దిక్కు చూసుకోండి. హోమ్ ప్లేట్ నుంచి పిచర్ మీదుగా రెండో బేస్‌కి పోయే గీత తూర్పు ఈశాన్యంగా ఉండాలి. లేకపోతే సాయంత్రం ఎండ బ్యాటర్ కళ్ళలో పడుతుంది. హోమ్ ప్లేట్ వెనక మొన దగ్గర మేకు కొట్టి, ఆ దిక్కున 38.80 మీటర్లు కొలిచి రెండో బేస్ మేకు కొట్టండి. ఇప్పుడు ఒక టేపు హోమ్ నుంచి, ఇంకోటి రెండో బేస్ నుంచి పట్టుకుని రెండింట్లోనూ 27.43 దగ్గర కలిపితే కుడివైపు మొదటి బేస్, ఎడమవైపు మూడో బేస్. లంబకోణం విడిగా చూడక్కర్లేదు. ఒకటి, మూడు బేస్‌లు చతురస్రం లోపలికి పెట్టాలి. రెండో బేస్ మాత్రం మేకు దాని నడిమధ్యకి రావాలి.

పిచర్ పట్టీ దగ్గర అందరూ తప్పుతారు. అది డైమండ్ నడిమధ్య కాదు. మధ్య అంటే 19.40 మీటర్లు. పట్టీ ముందు అంచు హోమ్ వెనక మొన నుంచి 18.44 మీటర్లకి ఉండాలి. ఒక మీటరు వెనక నుంచి వేస్తే బంతి బ్యాటర్‌కి తేలిగ్గా కనిపిస్తుంది, కుర్రాడు దూరం చాలక చేయి బలవంతంగా విసురుతాడు.

మౌండ్ (పిచర్ నిలబడే దిబ్బ) 10 అంగుళాల ఎత్తు, బంకమట్టితో కట్టాలి. పది మంది క్రికెట్ ఆడే చోట అది కుదరదు, నేల మీద నుంచే వేసుకోండి. క్రికెట్ పిచ్‌కి దూరంగా, అవుట్‌ఫీల్డ్‌లో గీయండి. ఇనుప మేకుల బూట్లు పిచ్‌ని పాడు చేస్తాయి. హోమ్ వెనక వల కట్టకుండా మెటల్ బ్యాట్ మాత్రం తీయకండి, ఫౌల్ బంతులు ఎక్కువ పోయేది వెనక్కే. మైదానం అవతల రోడ్డు ఉంటే మధ్య అవుట్‌ఫీల్డ్ అటువైపు రాకుండా హోమ్ ఏ మూల పెట్టాలో ముందే చూసుకోండి, దిక్కు కాస్త అటూ ఇటూ అయినా పర్వాలేదు.

నాగావళి ఒడ్డు, శ్రీకాకుళం:

చాలా థాంక్స్ మాస్టారూ, అందరికీ. రోడ్డు పడమటి వైపుంది కాబట్టి దిక్కు సరిపోతుంది. వల దొరికాకే బ్యాట్ బయటికి తీస్తాం.