ఇల్‌ఫర్డ్ నుంచి చిన్నపిల్లలతో ఒక్కరోజు లండన్: ఎక్కడ మొదలుపెట్టాలి?

ప్రశ్న:
అందరికీ నమస్కారం. మేము ఇల్‌ఫర్డ్‌కి కొత్తగా వచ్చాం. పాపకి ఏడేళ్లు, బాబుకి మూడు. బాబుకి ప్రామ్ (తోపుడు బండి) ఉండాల్సిందే. ఈ శనివారం లండన్ చూద్దామనుకుని టవర్ ఆఫ్ లండన్ కోట, లండన్ ఐ టికెట్ల ధరలు చూస్తే గుండె గుభేల్‌మంది. ఇంటి అడ్వాన్సు, సామాన్ల ఖర్చుల నుంచే ఇంకా తేరుకోలేదు. చేతి చమురు వదలకుండా ఒక రోజు ఎలా తిరగచ్చో చెప్తారా?

జవాబు:
టికెట్ల జోలికి ఇప్పుడే పోకండి. మీరు ఉండేది ఇక్కడే. వారానికని వచ్చినవాళ్లలా అన్నీ ఒక్క రోజులో చుట్టెయ్యక్కర్లేదు. రేపు అమ్మావాళ్లు వచ్చినప్పుడు టవర్ ఎలాగూ చూపించాలి, ఆ టికెట్లేవో అప్పుడు కొనుక్కోవచ్చు. నా మాట విని మొదటి రోజు బ్రిటిష్ మ్యూజియంకి వెళ్లండి. లోపలికి టికెట్ లేదు. వెబ్‌సైట్‌లో ఉచితంగా టైం స్లాట్ బుక్ చేసుకుంటే క్యూలో పిల్లల్ని నిలబెట్టే బాధ తగ్గుతుంది. పదింటికి తెరుస్తారు. తెరవగానే ఉండేలా చూసుకోండి.

ఇల్‌ఫర్డ్‌లో ఎలిజబెత్ లైన్ రైలు ఎక్కి టాటెన్‌హామ్ కోర్ట్ రోడ్‌లో దిగండి. మధ్యలో మారక్కర్లేదు, రెండు చోట్లా లిఫ్టులున్నాయి. మ్యాపులో హోబర్న్ స్టేషన్ కూడా దగ్గరే అని చూపిస్తుంది కానీ అక్కడ లిఫ్టు లేదు, ప్రామ్‌తో ఇబ్బంది.

లోపలికి వెళ్లగానే అందరూ రోజెటా శిల వైపు, మమ్మీల వైపు పరుగెడతారు. మీరు నేరుగా 33ఎ గదికి వెళ్లండి. అది మన అమరావతి స్తూపం గది. పల్నాటి సున్నపురాయి ఫలకాలు అక్కడ వరసగా నిలబెట్టి ఉంటాయి. 1845లో ఈస్టిండియా కంపెనీ అధికారి వాల్టర్ ఇలియట్ తవ్వించి మద్రాసుకి పంపాడు. 1859లో అవి ఓడలో లండన్‌కి చేరాయి. 1880లో ఈ మ్యూజియానికి వచ్చాయి. అవి ఇక్కడెందుకు ఉన్నాయని మీ పాప తప్పకుండా అడుగుతుంది. ఉన్నదున్నట్టు చెప్పండి, ఏడేళ్ల పిల్లకి అర్థమవుతుంది.

ఆ గదిలో రెండు వైపులా చెక్కిన ఫలకం ఒకటుంది. దాని దగ్గర కాసేపు ఆగండి. ఒక వైపు బోధివృక్షం, దాని కింద ఖాళీ ఆసనం, చుట్టూ మొక్కుతున్న జనం. బుద్ధుడి బొమ్మ ఎక్కడా ఉండదు. అది క్రీస్తుపూర్వం ఒకటో శతాబ్దం నాటి పని. తర్వాత మూడు శతాబ్దాలకి అదే రాతిని తిప్పి, రెండో వైపు స్తూపాన్నే చెక్కారు. గోపురంలాంటి గుండ్రని అండం, ప్రాకారం, వాకిట్లో సింహాలు, ముందు వరసగా నిలబడ్డ ఆయక స్తంభాలు. స్తంభాలు ఎన్నో లెక్కపెట్టమని పాపకి చెప్పండి, అయిదుంటాయి. ఈనాడు అమరావతి వెళితే మిగిలింది దిబ్బ మాత్రమే, అసలు స్తూపం ఎలా ఉండేదో ఈ రాతి మీదే కనిపిస్తుంది. మనవాళ్లు ఇక్కడ ఏళ్ల తరబడి ఉండి కూడా ఈ గదిలోకి వెళ్లకపోవడం చూస్తే నాకు నిజంగా బాధేస్తుంది. అయితే ఆ గదిని అప్పుడప్పుడు మూసేస్తుంటారు. ఏయే గ్యాలరీలు మూసి ఉన్నాయో వెబ్‌సైట్‌లో పెడతారు, బయల్దేరే ముందు ఒకసారి చూసుకోండి.

ఆ తర్వాత మమ్మీల గదులు, 62, 63. అంతే, ఇక బయటపడండి. రెండు గంటలు దాటితే మూడేళ్లవాడు మారాం చేస్తాడు.

అక్కణ్నుంచి రస్సెల్ స్క్వేర్ మీదుగా గిల్‌ఫర్డ్ స్ట్రీట్‌లోకి నడిస్తే కోరమ్స్ ఫీల్డ్స్ వస్తుంది. 1739లో థామస్ కోరమ్ స్థాపించిన అనాథ పిల్లల ఆశ్రమం ఆ స్థలంలోనే ఉండేది. ఇప్పుడది పిల్లల ఆటస్థలం. పక్కన పిల్లలు లేకపోతే పెద్దవాళ్లని లోపలికి రానివ్వరు. ఆ ఒక్క నిబంధన వల్లే అక్కడ నిశ్చింతగా కూర్చోవచ్చు. ఇంటి నుంచి తెచ్చుకున్న డబ్బాలు అక్కడే విప్పండి. పిల్లలు ఇసుకలో ఆడుకుంటూ ఉంటే మీరిద్దరూ ఓ గంట కాళ్లు చాపుకోవచ్చు.

ఓపిక ఉంటే సౌతాంప్టన్ రోలో 91 నంబరు బస్సెక్కి ట్రఫాల్గర్ స్క్వేర్‌కి వెళ్లి, అక్కడ 15 ఎక్కండి. స్ట్రాండ్, ఫ్లీట్ స్ట్రీట్, సెయింట్ పాల్స్ మీదుగా టవర్ దాకా వెళుతుంది. పాపని తీసుకుని మీవారు పైఅంతస్తులో ముందు సీట్లో కూర్చోవచ్చు. మీరూ బాబూ ప్రామ్‌తో కింద. టవర్ బ్రిడ్జి మీద నడవడానికి డబ్బులక్కర్లేదు, పైనున్న గాజు దారికే టికెట్.

ఇంకొకరు:
కార్డుల సంగతి నేను చెప్తాను. రైల్లో, బస్సులో టికెట్ బదులు ట్యాప్ చేసే కార్డులు మీ ఇద్దరికీ వేరువేరుగా కావాలి, ఒక్క కార్డు మీద ఇద్దరు వెళ్లలేరు. పొద్దున ఫోనుతో ట్యాప్ చేస్తే రోజంతా ఫోనుతోనే చెయ్యండి. కార్డూ ఫోనూ మారిస్తే సిస్టమ్ వాటిని ఇద్దరు మనుషులుగా లెక్కేస్తుంది, డైలీ క్యాప్ (రోజుకి ఇంతకి మించి తీసుకోరన్న పరిమితి) కలవదు. బస్సులో ఒకసారి ట్యాప్ చేశాక గంటలోపు ఎక్కే మరో బస్సుకి డబ్బులు పడవు. పదకొండేళ్లలోపు పిల్లలు పెద్దవాళ్లతో ఉంటే ట్యూబ్‌లో, బస్సులో ఉచితం. గేటు దగ్గర మీ పాపని వెడల్పాటి గేటులోంచి మీతోపాటే తీసుకెళ్లండి.

అడిగినావిడ:
చాలా థాంక్సండీ. అమరావతి రాళ్లు ఇక్కడున్నాయని మాకు తెలియనే తెలియదు. మాది గుంటూరు జిల్లానే! టవర్ దగ్గర్నుంచి ఇంటికి ఎలా రావాలి? వాన పడితే?

జవాబు:
టవర్ హిల్‌లో డిస్ట్రిక్ట్ లైన్ ఎక్కి వైట్‌చాపెల్‌లో దిగండి, అక్కడ మళ్లీ ఎలిజబెత్ లైన్. రెండు చోట్లా లిఫ్టులున్నాయి. వాన పడితే పార్కు మానేసి మ్యూజియంలోనే ఇంకో గంట ఉండండి, బస్సు మాత్రం మానకండి. గుంటూరు వాళ్లయితే ఇంకో మాట. టవర్‌లో ఉన్న కోహినూర్ కూడా కృష్ణ ఒడ్డున కొల్లూరు గనుల్లో దొరికిందనే అంటారు. అమ్మావాళ్లు వచ్చినప్పుడు అది చూద్దురుగాని. శనివారం కాబట్టి మ్యూజియం స్లాట్ ఇవాళే బుక్ చేసెయ్యండి.