అప్‌డేట్: బైక్ బ్రేక్ లివర్ గట్టిపడింది, గాలి దాక్కున్నది పైనే!

బైక్ ముందు చక్రం బ్రేక్ ఫ్లూయిడ్ నేనే మార్చాక బ్రేక్ లివర్ మెత్తబడి హ్యాండిల్ దాకా వచ్చేస్తోందని, ఎంత బ్లీడ్ చేసినా (అంటే ఫ్లూయిడ్‌తో పాటు లోపలి గాలిని బయటికి తీసినా) లాభం లేదని అడిగాను కదా. సమస్య తీరింది.

తప్పు నాదే. కింద ఫ్లూయిడ్ బయటికి వదిలే నిపిల్ దగ్గర పైపులో బుడగలు చూస్తూ కూర్చుని, పైన ఫ్లూయిడ్ డబ్బా ఖాళీ అయిన సంగతి గమనించలేదు. లివర్ నొక్కితే ఫ్లూయిడ్‌ని కిందకి నెట్టే మాస్టర్ సిలిండర్ గాలి మింగేసింది. ఆ గాలి పైకే పోవాలని చూస్తుంది. నేనేమో కింద చక్రం దగ్గర డిస్క్‌ని పట్టే కాలిపర్ దగ్గర్నుంచి లాగుతున్నాను!

మీలో ఒకరు చెప్పినట్టు మాస్టర్ సిలిండర్ దగ్గర బ్రేక్ పైపుని బిగించే బాంజో బోల్ట్ చుట్టూ గుడ్డ చుట్టాను. లివర్ నొక్కి పట్టుకుని, బోల్ట్ కొంచెం వదులు చేసి, మళ్ళీ బిగించాకే లివర్ వదిలాను. మొదటిసారే బుసబుసమని నురగ వచ్చింది. నాలుగోసారికి ఉత్త ఫ్లూయిడ్. తర్వాత కింద మామూలుగా బ్లీడ్ చేస్తే లివర్ రాయిలా అయింది. బోల్ట్‌ని చివర్లో టార్క్ రెంచ్‌తో (ఎంత బలంతో బిగిస్తున్నామో కొలిచే పానా) మాన్యువల్‌లో ఉన్నంతే బిగించాను.

రాత్రంతా లివర్‌ని నొక్కి హ్యాండిల్‌కి కట్టి ఉంచమన్న చిట్కా కూడా చూశాను. కాస్త మెరుగైంది, పూర్తిగా కాదు.

డాట్ 5 రకం బ్రేక్ ఫ్లూయిడ్ పోయొచ్చా అన్నవారికి: వద్దు. అది సిలికాన్, డాట్ 4తో కలవదు. డాట్ 5.1 వేరే సంగతి, అది డాట్ 4 లాగే గ్లైకాల్‌దే. నేను డబ్బా మూతమీద రాసున్న డాట్ 4నే, కొత్త సీసా తెరిచి పోశాను.

ట్యాంకు మీద ఒక చుక్క పడింది. వెంటనే నీళ్ళతో కడిగాను కాబట్టి రంగు బతికింది.