పులియకుండా పొంగిన అట్టు: ఈ మాట సరైనదేనా?

అందరికీ నమస్కారం. న్యూజెర్సీలో మా పక్కింటి బామ్మగారు యూదులు. పస్కా (పులిసినదేదీ తినని యూదుల పండుగ) రోజుల్లో ఓ పొద్దున నన్ను ఫలహారానికి పిలిచి వేడివేడి అట్లు వేసిపెట్టారు. దూదిలా ఉన్నాయి. వాళ్ళ భాష యిడ్డిష్‌లో వాటిని ‘బూబెలె’ అంటారట, అంటే ‘చిట్టి బామ్మ’. మనం చంటిపిల్లల్ని ‘అమ్మా, నాన్నా’ అని పిలుచుకున్నట్టు వాళ్ళు పిల్లల్ని ముద్దుగా పిలిచే మాట కూడా అదే.

మా అమ్మకు పంపడానికి ఇలా రాసుకున్నాను: 4 గుడ్ల తెల్లసొన, పచ్చసొన విడదీయాలి. పచ్చసొనలో ముప్పావు కప్పు పాలు, అర కప్పు మాట్సా (పస్కాలో తినే పలచని రొట్టె) పిండి, చిటికెడు ఉప్పు, చెంచాడు పంచదార కలిపి 10 నిమిషాలు నాననివ్వాలి. తెల్లసొనను నురుగు గట్టిపడేదాకా గిలక్కొట్టి, ఆ నురుగు అణగిపోకుండా కింది నుంచి పైకి తిప్పుతూ ఇందులో కలపాలి. పెనం మీద వెన్న వేసి సన్నసెగన చిన్న చిన్న అట్లు పోయాలి. పైన దాల్చినచెక్క పొడి కలిపిన పంచదార చల్లాలి.

‘అట్లు బాగా పొంగుతాయి’ అని రాయబోయి ఆగిపోయాను. మాట్సాకి తెలుగు బైబిల్లో ఉన్న మాట ‘పొంగని రొట్టె’. పొంగనిదాంతో చేసింది పొంగిందని రాయొచ్చా?

— నిస్సంకోచంగా రాయండమ్మా. తెలుగు బైబిల్లో ‘పొంగని రొట్టె’, ‘పులియని రొట్టె’ రెండూ కనిపిస్తాయి. నా ఓటు రెండోదానికి. పండుగలో నిషిద్ధమైనదాన్ని హీబ్రూలో ‘హామెట్స్’ అంటారు. దాని ధాతువుకు అర్థం పులుపు. వెనిగర్‌ను కూడా అదే ధాతువుతో ‘హోమెట్స్’ అంటారు. మన పులుపు, పులుసు, పులియడం ఒక్క కుదురువి కావూ, అచ్చం అలాగే. గోధుమ, బార్లీ, రై, ఓట్స్, స్పెల్ట్ (ఒక రకం గోధుమ) అనే 5 ధాన్యాల పిండికి నీళ్ళు తగిలాక 18 నిమిషాలలోపు కాల్చేయాలి. దాటితే పులిసినట్టే లెక్క. ఒకసారి కాల్చిన మాట్సాను దంచితే ఆ పొడి ఇక పులియదు. మీ అట్టును పొంగించింది తెల్లసొనలో చిక్కిన గాలి. పూరీ పులిసి పొంగుతుందా? ఆవిరికి పొంగుతుంది. ఇదీ అంతే.

— మేష్టారూ, ‘పొంగని’ అన్న మాటను మీరు మరీ తేలిగ్గా తోసేశారు. మాట్సా మీద వరసగా చిల్లులు పొడిచేది అది పొంగకూడదనే. కాలేటప్పుడు బుడగలా ఉబ్బిన రొట్టెను తీసి పక్కన పెట్టేస్తారు. అనువాదకులకు అది తెలిసినా తెలియకపోయినా, కంటికి కనిపించే గుర్తును పట్టుకున్నారు. నాకైతే రెండు మాటలూ కావాలి: పులియడం లోపలి సంగతి, పొంగడం పైకి కనబడేది.

— ఒప్పుకున్నాను. చిల్లుల సంగతి నాకు తట్టలేదు. అయినా ఈ అట్టు దగ్గర మాత్రం ‘పులియకుండా పొంగింది’ అంటేనే విషయమంతా తెలుస్తుంది.

— అక్కా, నాది ఇంకో అభ్యంతరం. ‘మాట్సా పిండి’ అనకండి. పస్కా ఇంట్లో పచ్చి గోధుమపిండే ఉండకూడదు కదా, అది చదివి మీ అమ్మగారు మైదాతో చేసేస్తారు. కందిపొడి అన్నట్టు ‘మాట్సా పొడి’ అనండి. వేగినదో కాలినదో దంచితే పొడి, పచ్చిది విసిరితే పిండి.

— ఆ సూత్రం నిలవదు తమ్ముడూ. తొలి ఏకాదశికి తినే పేలపిండి వేగినదేగా? పిండే అంటున్నాం. కానీ మైదా అనుకుంటారన్న భయం నిజమే, అందుకోసమైనా ‘పొడి’ మేలు. మరో సంగతి: ఆచారాలు గట్టిగా పాటించే హసీదీ శాఖ యూదుల్లో చాలామంది, ఎక్కడైనా పులుస్తుందేమోనన్న జాగ్రత్తతో, పండుగ రోజుల్లో మాట్సాను తడపనే తడపరు. ఇజ్రాయెల్ బయట ఎనిమిదో రోజు మాత్రం తడిపి వండుకుంటారు. వాళ్ళింట ఈ అట్టు ఆ ఒక్కరోజుదే.

— రాతలో నాదొక కోరిక. ‘మాట్సా’ అని విడదీసి రాస్తున్నాం గానీ మనకు ‘ౘ’ ఉంది. చలి, చాప, చుక్క అన్నప్పుడు పలికే దంత్య చకారం. ‘మాౘా’ అని రాస్తే హీబ్రూ పలుకుకు ఎంతో దగ్గర. అక్షరం మూలనపడి ఉంది, ఇలాంటి చోటైనా వాడుకుందాం. గుంటూరు జిల్లా చేబ్రోలు దగ్గర కొత్తరెడ్డిపాలెంలో బెనె ఎఫ్రాయిము అనే తెలుగు యూదుల సమాజం ఉంది. వాళ్ళలో ఎవరైనా ఇది చదువుతుంటే, ఇంట్లో ఈ రొట్టెను ఏమంటారో దయచేసి చెప్పండి. వాళ్ళ నోటి మాటే మనకు ప్రమాణం కావాలి.

— అందరికీ ధన్యవాదాలు. అమ్మకు ఇలా మార్చి పంపాను: ‘అర కప్పు మాౘా పొడి (పులియని రొట్టె దంచినది). నురుగు అణగకపోతే అట్టు పులియకుండానే పొంగుతుంది.’ అమ్మ వెంటనే ఫోన్ చేసి అడిగింది: “ఆ మధ్యలో అక్షరం ఏంటే, ‘చ’ మీద కొమ్ములు మొలిచాయి?”