వెలుగు డబ్బు మన రెండు జిల్లాలకు ఎందుకొచ్చినట్టు?

నాగావళి గట్టు: అమరావతికి 30 కోట్ల డాలర్ల వరల్డ్ బ్యాంకు అప్పు ప్రతిపాదన 2019లో ఆగిపోయింది. అదే బ్యాంకు 2024 డిసెంబరులో 80 కోట్ల డాలర్లు ఒప్పుకుంది. మధ్యలో మారింది ప్రభుత్వాలే. పల్లెల్లో ఆడవాళ్ల పొదుపు సంఘాల ద్వారా పేదరికం తగ్గించాలని వరల్డ్ బ్యాంకు అప్పుతో పెట్టిన వెలుగు పథకం కూడా ఇలాంటిదే, ఆ డబ్బూ రాజకీయాన్ని బట్టే వచ్చిందని నా వాదన. 1998లో కరెంటు సంస్కరణల చట్టం చేశారు. 1999 ఫిబ్రవరిలో విద్యుత్ బోర్డును ఉత్పత్తికి జెన్‌కో, సరఫరాకు ట్రాన్స్‌కోగా విడగొట్టారు, ఆ నెలలోనే వరల్డ్ బ్యాంకు నుంచి 21 కోట్ల డాలర్ల అప్పు వచ్చింది. ఛార్జీలు పెరిగి, 2000 ఆగస్టులో హైదరాబాద్ బషీర్‌బాగ్‌లో నిరసనకారులపై పోలీసు కాల్పుల దాకా వెళ్లింది. ఆ ఏడాదే ఆరు జిల్లాల్లో వెలుగు మొదలైంది, వాటిలో శ్రీకాకుళం, విజయనగరం ఉన్నాయి. మన పేదరికం వాళ్లకు అప్పుడే కనబడిందా?

బొబ్బిలి మేష్టారు: కింద ఎవరైనా 'సాయం' అని రాసే ముందు తెలుసుకోండి, అది అప్పు. 11.1 కోట్ల డాలర్లు.

నాగావళి గట్టు: నేను సాయం అనలేదు మేష్టారూ.

బొబ్బిలి మేష్టారు: అంటారని ముందే చెప్పాను. ఇంకోటి, అప్పట్లో విదేశీ అప్పు కేంద్రం ద్వారా వచ్చేటప్పుడు 70 శాతం అప్పుగా, 30 శాతం గ్రాంటుగా రాష్ట్రానికి అందేది. 2005 నుంచే ఏ షరతుతో వస్తే ఆ షరతుతో రాష్ట్రం నెత్తిన పడుతోంది. ఈ తేడా తెలియకుండా చర్చ దండగ.

ఉద్దానం జీడి: పొద్దున్నే లెక్కల క్లాసు 😀

తోటపల్లి కోడలు: గట్టు గారూ, కనబడకపోతే ఏటి, కనబడితే ఏటి? రోజుకు రూపాయి దాచుకున్నోళ్లం. వెలుగు వచ్చాకే బ్యాంకు మేనేజరు కుర్చీ చూపించి కూర్చోమన్నాడు. 2004లో ప్రభుత్వం మారాక ఇందిరా క్రాంతి పథం అన్నారు, మా ఊళ్లో ఇప్పటికీ వెలుగు ఆఫీసే అంటారు. బోర్డు ఎన్నిసార్లు మార్చినా మా కిస్తీ తేదీ మారలేదు.

నాగావళి గట్టు: బోర్డుతో పాటు మనుషుల్నీ మార్చారమ్మా. మా అమ్మ గ్రామ సంఘం అధ్యక్షురాలు. 2005లో తీసేశారు. ఓ నాయకుడి సభకు ఆడవాళ్లను బండెక్కించలేదని. సంఘం లెక్కలు తేలాలంటూ ఆమె పొదుపు కూడా ఆపేశారు. డాలర్లు ఇచ్చినవాడికి ఇది తెలుసా? తెలిసినా అడగడు. 2004లో వచ్చిన ప్రభుత్వం రైతులకిచ్చిన ఉచిత కరెంటు వరల్డ్ బ్యాంకు సిద్ధాంతానికి అడ్డం కదా, అయినా 2007లో సంస్కరణల పేరుతో మళ్లీ అప్పిచ్చారు. వాళ్లకు పథకం నడుస్తున్నట్టు కాగితం ఉంటే చాలు.

బొబ్బిలి మేష్టారు: ఉచిత కరెంటు వెలుగు కిందకు రాదు. వేరే థ్రెడ్ పెట్టుకోండి.

తోటపల్లి కోడలు: లెక్కలు ఊరికే అడుగుతారా? మా దగ్గర కూడా ఒకావిడ అలాగే...

నాగావళి గట్టు: మా అమ్మను దొంగంటున్నారా?

తోటపల్లి కోడలు: ఆ మాట అనలేదు.

నాగావళి గట్టు: అన్నారు. చుక్కలు పెట్టి వదిలేశారు, అంతే. సభలకు బండెక్కినోళ్లకు లోన్లు, ఎక్కనోళ్లకు లెక్కలు. మీరు ఎక్కే ఉంటారు.

తోటపల్లి కోడలు: ఎక్కాను బావూ. మూడు పార్టీల సభలకు ఎక్కాను. మీ అమ్మకు బండెక్కకుండా ఉండే ధైర్యం ఉంది, వెనక మీ నాన్న పొలముంది కాబోలు. మాకు లేదు. అంతకుముందు మమ్మల్ని సభకు పిలిచినవాడే లేడు. పిలిచాక, బోరు కావాలని స్టేజీ కిందే నిలబడి అడిగాం, వచ్చింది. రాజకీయం లేని డబ్బు మా ఊరిదాకా రాదు. మీకు అది సిగ్గు, మాకు అదొక్కటే దారి.

ఉద్దానం జీడి: ఇప్పుడు అసలు మాట బయటపడింది.

నాగావళి గట్టు: పొలం అరెకరం. అదీ కౌలు.

తోటపల్లి కోడలు: తెలీదు. తప్పుగా అన్నాను. మిగతాది మాత్రం వెనక్కి తీసుకోను.

నాగావళి గట్టు: నేనూ తీసుకోను. హక్కుగా రావాల్సిన దానికి చప్పట్లు కొట్టడమేంటి?

తోటపల్లి కోడలు: అమ్మ పొదుపు డబ్బు వచ్చిందా మరి?

నాగావళి గట్టు: 2011లో. అసలు మాత్రమే.

బొబ్బిలి మేష్టారు: ఆరేళ్లకు వడ్డీ రావాలి. పాసు పుస్తకం ఫొటో పెట్టు నాయనా, చూస్తాను.