స్లీవ్ సర్జరీ అయ్యి 5 నెలలు, ప్రోటీన్ 60 గ్రాములు మీరంతా ఎలా కొడుతున్నారు?

తెనాలి_అమ్మాయి:

అందరికీ నమస్తే. నాకు స్లీవ్ (బరువు తగ్గడానికి పొట్టని చిన్నది చేసే సర్జరీ) అయ్యి 5 నెలలు దాటింది. 118 కేజీలతో వెళ్ళా, ఇప్పుడు 92. మొదటి మూడు నెలలు బండి బాగానే పరిగెత్తింది కానీ గత మూడు వారాల నుంచి కాటా మీద ముల్లు కదలట్లేదు, పైగా జుట్టు గుప్పెళ్ళు గుప్పెళ్ళు ఊడుతోంది, తల దువ్వుకోవాలంటేనే భయమేస్తోంది.

హాస్పిటల్లో ఇచ్చిన కాగితంలో రోజుకి 800-900 క్యాలరీలు, ప్రోటీన్ 60 నుంచి 70 అని ఉంది. నేను ఫోన్లో యాప్ పెట్టుకుని రాస్తున్నా, క్యాలరీలు ఒక రోజు 620 ఒక రోజు 950 చూపిస్తోంది, ప్రోటీన్ మాత్రం ఎంత కొట్టుకున్నా 40 దాటట్లేదు. నా రోజు ఇదీ: పొద్దున ఒక గ్లాసు రాగి జావ (అత్తయ్య కలుపుతారు, బెల్లం వేసి), 11కి ఒక ఇడ్లీ సాంబార్, మధ్యాహ్నం నాలుగు స్పూన్ల అన్నం పప్పుచారు, చివర్లో కొంచెం పెరుగన్నం, సాయంత్రం టీ రెండు మేరీ బిస్కెట్లు, ఒక్కోసారి జంతికలు, రాత్రి అర చపాతీ కూర. ప్రోటీన్ పౌడర్ మొదట్లో తాగా, ఇప్పుడు ఆ వెనీలా వాసన వస్తేనే కడుపులో తిప్పుతోంది, డబ్బా అలాగే ఉంది. నాన్‌వెజ్ తింటాం కానీ సోమవారం, శనివారం ఇంట్లో ముట్టుకోం.

మాంసం తింటే రెండు ముక్కలకే గొంతు దగ్గర ఆగిపోయినట్టు ఉంటుంది, జంతికలైతే మాత్రం హాయిగా దిగిపోతాయి, ఇదేం న్యాయమో. ఎవరైనా ఇదే దశ దాటొచ్చిన వాళ్ళుంటే చెప్పండి ప్లీజ్.

---

బైపాస్_బాబాయ్:

అమ్మా, నాది బైపాస్ (గుండెది కాదు, పొట్టని చిన్నది చేసి పేగుకి కలిపే సర్జరీ), మూడేళ్ళయింది, కానీ ఈ లెక్క ఇద్దరికీ ఒకటే. కొంచెం కటువుగా చెప్తా ఏమనుకోకు. నీది 40 కూడా కాదు. 25 ఉంటే గొప్ప.

ఎందుకంటే యాప్‌లో నువ్వు పప్పుచారుని "పప్పు ఒక కప్పు" అని కొట్టుంటావు, అది 8-9 గ్రాములు చూపించి ఉంటుంది. ఎండు కందిపప్పు 100 గ్రాముల్లో 22 గ్రాముల ప్రోటీన్ ఉన్నమాట నిజమే. కానీ మన ఇంట్లో పప్పుచారంటే ఏంటి, గుప్పెడు పప్పు ఉడికించి చింతపండు పులుసు పోసి ఇంటిల్లిపాదికీ సరిపోయేలా చేస్తాం. నీ గిన్నెలోకి వచ్చే పప్పు 10 గ్రాములుంటే ఎక్కువ, అంటే 2 గ్రాముల ప్రోటీన్, మిగతాదంతా నీళ్ళు. రాగి జావ కూడా అంతే, రెండు స్పూన్ల పిండి 20 గ్రాములు అనుకో, గ్రామున్నర కూడా రాదు, బెల్లం క్యాలరీలు మాత్రం బాగా వస్తాయి. రాగుల్లో కాల్షియం ఉందని అత్తయ్యగారు ప్రేమగా ఇస్తారు, అది నిజమే, కానీ నీకు ఇప్పుడున్నది చిన్న పొట్ట, అందులో సీటు దొరకడమే కష్టం, ఆ సీటు జావకి ఇచ్చేస్తే గుడ్డు ఎక్కడ కూర్చుంటుంది?

ముందు 500 రూపాయల లోపు వంటింటి కాటా ఒకటి కొను. పప్పు, పెసలు, మీల్ మేకర్ వండక ముందు తూచు. కోడి, చేప వండాక ఎముక తీసి తూచు. యాప్‌లో కూడా పచ్చిదా వండిందా చూసి కొట్టు. నేను మొదటి ఏడాది సగం ఇక్కడే మోసపోయా.

ఇంకో మాట. మన భోజనం అంటేనే అన్నం, దానిలోకి కూర, పక్కన నంజుకోవడానికి ఏదో ఒకటి. సర్జరీ అయ్యాక దీన్ని తిరగేయాలి, కూర తింటూ అన్నం నంజుకోవాలి. నిజంగా. ప్లేట్లో ముందు చేప ముక్కో గట్టి ముద్దపప్పో తిను, తర్వాత కూరగాయ, ఇంకా చోటుంటే రెండు స్పూన్ల అన్నం. చోటు లేకపోతే అన్నం మానేసినందుకు ఎవరూ కేసు పెట్టరు. మా ఆవిడ ఆర్నెల్లు బాధపడింది అన్నం లేని భోజనం భోజనమేనా అని.

---

రెండో_ఇన్నింగ్స్:

బాబాయ్ గారు చెప్పింది వందకి వంద. నాది స్లీవే, 14 నెలలు. అక్కా మీ జంతికల సంగతి నాకూ అయింది. మాంసం లాంటి గట్టివి పొట్టలో ఆగుతాయి కాబట్టి త్వరగా నిండినట్టుంటుంది, జంతికలు, బిస్కెట్లు, మిక్చర్ నోట్లోనే పొడైపోయి జారిపోతాయి, దానిమీద టీ తాగితే ఇంకా ఫాస్ట్‌గా దిగుతాయి, అందుకే గిన్నెడు తిన్నా తిన్నట్టే ఉండదు. జంతికలు 30 గ్రాములు అంటే 150 క్యాలరీలు దగ్గర దగ్గర. మీకు 620 రోజులు 950 రోజులు ఎందుకు వస్తున్నాయో అక్కడే ఉంది చూడండి.

మాంసం ఆగిపోవడానికి నాకు తెలిసి మూడు కారణాలు: పెద్ద ముక్క, పొడిగా ఉండటం, స్పీడ్. బ్రెస్ట్ ముక్క వేపుడు అసలు ట్రై చేయొద్దు. కీమా చేయించండి, లేదా చేపల పులుసు ముక్క, అది మెత్తగా జారుతుంది. రొయ్యలు కొందరికి పడతాయి కొందరికి రబ్బరు నమిలినట్టుంటుంది. చిన్న స్పూన్ పెట్టుకుని 20-25 నిమిషాలు తినండి, నేను టైమర్ పెట్టుకునేదాన్ని, మా పిల్లలు నవ్వేవాళ్ళు. తినేటప్పుడు పక్కన నీళ్ళ గ్లాసు ఉందంటే తీసేయండి, తిన్నాక అరగంట దాకా నీళ్ళొద్దు. మనకి చిన్నప్పట్నుంచీ కంచం పక్కన చెంబు ఉండాలి కదా, ఆ అలవాటు పోవడానికే నాకు రెండు నెలలు పట్టింది.

పౌడర్ పారేయకండి అంత డబ్బు పెట్టి. కానీ ఆ వెనీలా చాక్లెట్ గోల వద్దు, ఫ్లేవర్ లేని వే ప్రోటీన్ (పాల నుంచి తీసే పౌడర్) దొరుకుతుంది, దాన్ని పల్చటి మజ్జిగలో ఉప్పు, వేయించిన జీలకర్ర పొడి, కరివేపాకు వేసి కొట్టండి. తీపి లేకపోతే తిప్పదు. స్కూప్‌కి 20-24 గ్రాములు వస్తుంది. మరిగే వాటిలో మాత్రం వేయొద్దు ఉండలు కడుతుంది, నేను ఒకసారి వేడి వేడి రసంలో వేసి, అబ్బా, ఆ దృశ్యం మర్చిపోలేను.

నేను 5వ నెలలో తిన్నది చెప్తా, కాపీ కొట్టమని కాదు, లెక్క ఎలా కూడుతుందో చూడ్డానికి. పొద్దున ఒక గుడ్డు ప్లస్ ఒక తెల్లసొన పొరటు, 9-10 గ్రాములు. 11కి 200 ఎంఎల్ పాలల్లో రెండు పెద్ద స్పూన్లు స్కిమ్డ్ మిల్క్ పౌడర్, 13. మధ్యాహ్నం 60 గ్రాముల కోడి కూర (వండాక), 16 దాకా, తర్వాత ఒక చిన్న కప్పు పెరుగు 3. సాయంత్రం జంతికల బదులు పుట్నాల పప్పు గుప్పెడు కూడా కాదు 20 గ్రాములు, 4 చిల్లర, బాగా నమిలి. రాత్రి చిన్న పెసరట్టు, 30 గ్రాముల పెసలు నానబెడితే వచ్చేంత, మీద పన్నీర్ తురుము 30 గ్రాములు, మొత్తం 12. కూడితే 58 వస్తుంది, ఆ మిగతా రెండింటి కోసం నేను నిద్ర పాడుచేసుకోలేదు. క్యాలరీలు నూనెతో కలిపి 830-850. చూశారా, క్యాలరీల వెంట మనం పడక్కర్లేదు, ప్రోటీన్ సర్దితే అవే సర్దుకుంటాయి.

---

ఫిట్‌నెస్_కింగ్_99:

3 వీక్స్ ప్లేటూ (బరువు కదలకుండా ఆగిపోవడం) అంటే బాడీ అలవాటు పడిపోయింది, సింపుల్, 3 రోజులు వాటర్ ఫాస్టింగ్ చేయండి బ్రేక్ అయిపోద్ది. అసలు మామూలు మనిషికే రోజుకి 50 గ్రాముల ప్రోటీన్ చాలు, మీకు 70 ఎందుకు, కిడ్నీలు పోతాయ్

---

బైపాస్_బాబాయ్:

తమ్ముడూ నీకు సర్జరీ అయిందా? అవలేదు కదా. అయితే ఈ సలహా ఇక్కడ ఇవ్వొద్దు. నాకు రెండో నెలలో వరసగా వాంతులు, పది రోజులు సరిగ్గా తిండి లోపలికి పోలేదు, కాళ్ళు తిమ్మిర్లెక్కి నడిస్తే తూలేవాడ్ని, తీసుకెళ్తే బి1 విటమిన్ పడిపోయింది అని సెలైన్‌లో అదే, థయామిన్ ఎక్కించారు. ఆలస్యమైతే నరాలకి, మెదడుకి దెబ్బ అన్నారు. ఇంత తక్కువ తినే వాళ్ళని మూడు రోజులు పస్తుండమంటావా. అమ్మా తెనాలీ, అది మాత్రం చేయకు. వాంతులు రెండు రోజులు ఆగకపోతే ఇక్కడ పోస్ట్ పెట్టడం కాదు, డాక్టర్ దగ్గరికి వెళ్ళాలి.

---

డైట్_చార్ట్_అక్క:

నేను వైజాగ్‌లో డైటీషియన్‌ని, బేరియాట్రిక్ (బరువు తగ్గే సర్జరీ) పేషెంట్స్‌ని రోజూ చూస్తా. 50 గ్రాముల మాట గురించి: మన దేశంలో ఎవరికెంత పోషకాలు కావాలో చెప్పే ఐసీఎంఆర్-ఎన్ఐఎన్ వాళ్ళు 2020లో ఇచ్చిన లెక్క కిలో బరువుకి 0.83 గ్రాములు, 55 కేజీల ఆడవాళ్ళకి 46 గ్రాములు అవుతుంది, నిజమే. కానీ అది కడుపునిండా తినే మనిషికి. రోజుకి 800 క్యాలరీలే పోతున్నప్పుడు ఒళ్ళు కొవ్వుతో పాటు కండని కూడా కరిగించుకుంటుంది, అందుకే కనీసం 60, కొందరికి ఇంకా ఎక్కువ పెడతాం. కిడ్నీ సమస్య ఆల్రెడీ ఉన్నవాళ్ళకి లెక్క వేరే, వాళ్ళు డాక్టర్‌ని అడక్కుండా పెంచకూడదు. లేనివాళ్ళు 60-70కి భయపడక్కర్లేదు, నీళ్ళు మాత్రం గుక్కగుక్కగా రోజంతా తాగాలి.

జుట్టు గురించి అమ్మా, 3 నుంచి 6 నెలల మధ్య ఊడటం చాలామందికి జరిగేదే, సర్జరీ, ఒక్కసారి బరువు తగ్గడం, ఈ షాక్‌కి కుదుళ్ళు విశ్రాంతిలోకి పోతాయి, మళ్ళీ వస్తుంది. కానీ ప్రోటీన్, ఐరన్ తక్కువైతే లేటవుతుంది. బయోటిన్ గమ్మీలకి వేలు తగలేసే ముందు ఫెరిటిన్ (ఒంట్లో ఐరన్ నిల్వ), బి12, విటమిన్ డి టెస్ట్ చేయించుకో, 6వ నెల టెస్టులు ఎలాగూ ఉంటాయి. ఐరన్, కాల్షియం బిళ్ళలు ఒకేసారి మింగకు, రెండు గంటల గ్యాప్ ఉండాలి. ఐరన్ బిళ్ళ టీతో అస్సలు వద్దు, టీ దాన్ని ఒంటికి పట్టనివ్వదు. నా దగ్గరికి వచ్చేవాళ్ళలో సగం మంది పొద్దున్నే బిళ్ళ, టీ ఒకేసారి లాగించేస్తారు.

మూడు వారాలు కాటా ఆగడం కూడా మామూలే. నడుం టేప్‌తో కొలిచావా? పాత జాకెట్లు వదులయ్యాయా? అది చూడు ముందు.

---

డల్లాస్_దోశ:

ఇక్కడ మాకు గ్రీక్ యోగర్ట్ చిన్న కప్పులో 15 గ్రాములు వస్తాయి కాబట్టి పని ఈజీ, మీరు పెరుగుని పల్చటి గుడ్డలో రాత్రంతా వేలాడదీస్తే దాదాపు అదే వస్తుంది, అందులో ఆవపెట్టి దోసకాయ ముక్కలు కలుపుకుంటే, ఆహా. బెల్లం జావ గురించి ఒక్క ముక్క. నాది బైపాస్, ఇక్కడ వీకెండ్ పార్టీలో మొహమాటానికి రెండు గులాబ్ జామూన్లు తిన్నా, 20 నిమిషాల్లో చెమటలు, గుండె దడదడ, బాత్రూమ్ పరుగు, పార్టీ అంతా హార్ట్ ఎటాక్ అనుకున్నారు. డంపింగ్ అంటారు దాన్ని. స్లీవ్ వాళ్ళకి తక్కువే కానీ అసలు రాదని లేదు. మీకు జావ తాగాక నీరసం, దడ లాంటివి ఉంటే గమనించండి.

---

తెనాలి_అమ్మాయి:

అందరికీ చాలా థ్యాంక్స్ అండి. మొన్న కాటా వచ్చింది. బాబాయ్ గారూ మీరు 25 అన్నారు, తూచి రాస్తే 23 వచ్చింది 😭 ఇన్నాళ్ళూ యాప్‌ని నమ్మి కూర్చున్నా.

డాల్ అక్క చెప్పినట్టు, సారీ డైట్ అక్క చెప్పినట్టు టేప్ పెట్టి చూశా, నెల కిందటి కంటే నడుం దగ్గర ఇంచున్నర తగ్గింది, కాటా కదలకపోయినా. ఐరన్ బిళ్ళ విషయంలో నేను కూడా ఆ సగం మందిలోనే ఉన్నా, టీతోనే వేసుకుంటున్నా. దడ అయితే లేదు కానీ జావ తాగిన గంటకి నీరసం వచ్చి పడుకునేదాన్ని, అది సర్జరీ వల్ల అనుకున్నా.

మజ్జిగ ఐడియా పనిచేసింది, తిప్పలేదు. జావ సంగతి అత్తయ్యకి ఎలా చెప్పాలా అని భయపడ్డా, నేరుగా వద్దంటే బాధపడతారని కాటా మీద పిండి పెట్టి చూపించి అక్కా వాళ్ళు చెప్పిన లెక్క చదివి వినిపించా. కాసేపు ఏం మాట్లాడలేదు. తర్వాత "అయితే ఆ పెసలు ఎన్ని నానబెట్టాలో నువ్వే తూచి ఇవ్వు" అన్నారు. నిన్న పొద్దున అల్లం పచ్చిమిర్చి వేసి చిన్న పెసరట్టు వేశారు, మీద పన్నీర్ బదులు గుడ్డు కొట్టమన్నా, అరచేతి అంత అట్టు తినడానికి 25 నిమిషాలు పట్టింది. నిన్న మొత్తం 51 వచ్చింది.

ఒక డౌట్. రేపు శనివారం, గుడ్డు కూడా కుదరదు మా ఇంట్లో. 50 దాటుతుందా?

---

రెండో_ఇన్నింగ్స్:

దాటుతుంది అక్కా. మీల్ మేకర్ ఎండువి 20 గ్రాములు తూచండి, అందులోనే 10 గ్రాములు ఉంటాయి. వేడినీళ్ళలో నానబెట్టి గట్టిగా పిండి, మళ్ళీ కడిగి పిండి, మిక్సీలో ఒక్క తిప్పు తిప్పి కీమాలా వండండి, ముక్కలుగా వద్దు. గ్యాస్ పడితే వచ్చే వారం పన్నీర్‌కి మారిపోండి. మజ్జిగ స్కూప్, పాలు ఎలాగూ ఉన్నాయి. రాత్రికి ఎంతొచ్చిందో ఇక్కడ రాయండి.