బి.ఎన్.రెడ్డి గారు 30 ఏళ్లలో 11 సినిమాలేనా?

ప్రశ్న:
మొన్న 'మల్లీశ్వరి' మళ్లీ చూశాక, బి.ఎన్. గారు డైరెక్ట్ చేసినవన్నీ ఒక కాగితం మీద రాసుకుందామని కూర్చున్నాను. 1939లో 'వందేమాతరం' నుంచి 1969లో 'బంగారు పంజరం' దాకా 11 తేలాయి. ఏదో వదిలేశానేమోనని ఇంకోసారి లెక్కపెట్టాను, అంతే. సొంత సంస్థ చేతిలో ఉండి, ఫాల్కే అవార్డు దాకా వెళ్లిన మనిషి ఇంత తక్కువ తీశారేంటి?

జవాబు:
చాదస్తం అండీ. అందరూ అదే చెబుతారు.

జవాబు:
చాదస్తం అని తేల్చేస్తే ఎలాగండీ. మీరు దర్శకుడి పద్దు చూశారు, నిర్మాత పద్దు చూడలేదు. 'స్వర్గసీమ' 1945, 'మల్లీశ్వరి' 1951. మధ్యలో ఆరేళ్లు ఆయన చేతులు కట్టుకుని కూర్చోలేదు. కె.వి.రెడ్డి గారు 'యోగి వేమన', 'గుణసుందరి కథ' తీసింది మీరన్న ఆ సొంత సంస్థ, వాహినీ పతాకం మీదే. మద్రాసులో వాహినీ స్టూడియో లేచిందీ ఆ రోజుల్లోనే. స్టూడియో కట్టడమంటే ఇల్లు కట్టినట్టు కాదు కదా!

ఇంకోటి, ఆయన సాహిత్యం వాళ్లను పట్టుకొచ్చి రాయించుకునేవారు. దేవులపల్లి కృష్ణశాస్త్రి గారు సినిమాల్లోకి వచ్చింది 'మల్లీశ్వరి'తోనే. 'బంగారుపాప'కి పాలగుమ్మి పద్మరాజు గారు. ఇలా పనిచేసేవాళ్లకి ఏడాదికో సినిమా ఎక్కడ కుదురుతుంది?

అన్నట్టు నా ఓటు 'మల్లీశ్వరి'కి కాదు, 'బంగారుపాప'కి (1954). జార్జ్ ఇలియట్ నవల 'సైలస్ మార్నర్' దానికి ఆధారం, కానీ చూస్తుంటే ఇంగ్లిష్ కథని గుర్తే రాదు. 'పాతాళ భైరవి' మాంత్రికుడిగా జనాన్ని దడిపించిన మూడేళ్లకే ఎస్.వి.రంగారావు గారిని కథకి మధ్యలో నిలబెట్టారు చూడండి, అదీ గుండె ధైర్యం. మనుషులంటేనే కిట్టని కోటయ్య చేతికి పసిపిల్ల దొరుకుతుంది. ఎత్తుకోవడం కూడా సరిగా రాదు. దూరదర్శన్‌లో వేసినప్పుడు చూస్తూ మా నాన్న కళ్లజోడు తీసి తుడుచుకోవడం మొదలుపెట్టారు. అద్దాలు మాత్రం శుభ్రంగానే ఉన్నాయి.

జవాబు:
మరి 'రాజమకుటం' సంగతేంటి? అదీ ఆయనదేగా.

జవాబు (పైన రాసినాయనే):
ఆయనదే, 1960. ఎన్టీఆర్ ఉన్నారు, కత్తులున్నాయి, గుర్రాలున్నాయి. నాకెందుకో అది ఆయన ఇల్లులా అనిపించదు, చుట్టపుచూపుగా వెళ్లినట్టుంటుంది. జానపదం కావాలంటే నేను 'పాతాళ భైరవి' తీసిన కె.వి.రెడ్డి గారి దగ్గరికే పోతాను. 'రంగులరాట్నం' (1966) దగ్గరికొచ్చేసరికి మళ్లీ సొంతింటికి చేరారు. చంద్రమోహన్ గారికి అదే మొదటి సినిమా.

ప్రశ్న అడిగినవారు:
'బంగారుపాప' చూడలేదండీ. ఈ ఆదివారం చూసి వచ్చి పోట్లాడతాను.