అప్‌డేట్: రౌటర్ మార్చాక షేర్డ్ ఫోల్డర్ తెరుచుకోని సమస్య పరిష్కారమైంది

ఆఫీసులో కొత్త రౌటర్ బిగించినప్పటి నుంచి, అకౌంట్స్ డేటా ఉన్న విండోస్ 11 కంప్యూటర్‌లోని షేర్డ్ ఫోల్డర్ మిగతా కంప్యూటర్లలో తెరుచుకోవడం లేదని, దానికి పింగ్ (కంప్యూటర్ స్పందిస్తుందో లేదో చూసే పరీక్ష సందేశం) కూడా అందడం లేదని అడిగాను. సలహాలిచ్చిన అందరికీ కృతజ్ఞతలు.

ఆ కంప్యూటర్‌లో ఫైర్‌వాల్‌ను (అనుమతి లేని కనెక్షన్లను ఆపే రక్షణ ప్రోగ్రామ్‌ను) రెండు నిమిషాలు ఆపి చూడమన్న సలహాయే దారి చూపింది. ఆపగానే పింగ్‌కు జవాబు రావడంతో కేబుల్, స్విచ్‌ల మీద అనుమానం తీరిపోయింది. తర్వాత వచ్చిన నెట్‌వర్క్ టెక్నీషియన్ అసలు కారణం చెప్పారు. రౌటర్ మారినందున విండోస్ దానిని కొత్త నెట్‌వర్క్‌గా భావించి 'పబ్లిక్' ప్రొఫైల్‌లో, అంటే నమ్మకం లేని నెట్‌వర్క్‌లకు వాడే కఠినమైన సెట్టింగ్‌లో పెట్టింది. ఆ ప్రొఫైల్‌లో ఫైల్ షేరింగ్‌కు కావలసిన 445 పోర్ట్‌కు (నంబరుతో గుర్తించే నెట్‌వర్క్ ద్వారానికి) ఇతర కంప్యూటర్ల నుంచి వచ్చే అభ్యర్థనలను ఫైర్‌వాల్ ఆపేస్తుంది. లోపలి నుంచి బయటికి వెళ్లేవాటికి అడ్డు లేదు కాబట్టే ఆ కంప్యూటర్‌లో ఇంటర్నెట్, ప్రింటింగ్ మామూలుగా నడిచి మమ్మల్ని తికమకపెట్టాయి.

సెట్టింగ్స్‌లో నెట్‌వర్క్ అండ్ ఇంటర్నెట్, ఈథర్నెట్ విభాగంలో ప్రొఫైల్‌ను 'ప్రైవేట్'గా మార్చి, ఫైర్‌వాల్‌ను మళ్లీ ఆన్ చేశాం. పక్క కంప్యూటర్‌లో ఆదేశాలు టైప్ చేసే పవర్‌షెల్ ప్రోగ్రామ్‌లో టెస్ట్-నెట్‌కనెక్షన్ ఆదేశంతో 445 పోర్ట్‌ను పరీక్షిస్తే చివరి వరుసలో 'ట్రూ' అని వచ్చింది, ఫోల్డర్ తెరుచుకుంది.

వచ్చిన సలహాల్లో డీఎన్ఎస్ (వెబ్‌సైట్ పేరుకు దాని చిరునామాను వెతికి ఇచ్చే వ్యవస్థ) మార్చడానికీ ఈ సమస్యకూ సంబంధం లేదు. ఫైల్ షేరింగ్‌కు వాడే పాత పద్ధతి ఎస్ఎంబీ 1ను ఆన్ చేయమన్న సలహాను మాత్రం, భద్రత దృష్ట్యా, ఎవరూ పాటించవద్దని నా మనవి.